టెక్ సందేహాలు: వైఫై సర్వేకి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది విజయవాడలో ఆరంతస్తుల ఆస్పత్రి, 200 పడకలు. నర్సులు ట్యాబ్ పట్టుకుని ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు వెళ్లేసరికి వైఫై తెగిపోతోంది. ఎక్కడ ఎంత సిగ్నల్ అందుతోందో కొలిచే వైఫై సర్వే చేయించమని యాజమాన్యం చెప్పింది. ఒకరు ఉచితంగా చేస్తామంటున్నారు. ఇంకొకరు ఫ్లోర్ ప్లాన్ పంపితే కంప్యూటర్‌లోనే డిజైన్ చేసిస్తామన్నారు. మూడోవారు నాలుగు రోజులు తిరిగి కొలుస్తామని చెప్పి చాలా ఎక్కువ అడుగుతున్నారు. ఎవరికి ఇవ్వాలి?

జవాబు: కాలేజీలు, ఆస్పత్రులు, గోదాముల నుంచి ఇదే ప్రశ్న ఆగకుండా వస్తోంది. ఎవరు ఎంత అడిగారో ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. సర్వేలో ఏం తేల్చమని అడిగారో మాత్రం ఒక్కరూ రాయరు. అది కాగితం మీద పెట్టకుండా మూడు కొటేషన్లను పోల్చలేం.

ఉచిత సర్వేను ముందే పక్కన పెట్టండి. అది చేసేవారు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, అమ్ముకునేవారు. సర్వే ఖర్చంతా పెట్టెల లెక్కలో కలిసిపోతుంది. నలభై చాలే చోట అరవై ఐదు రాసినా అడిగే దిక్కుండదు. ఎక్కువ ఉంటే మంచిదేగా అని సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒకే ఛానెల్‌లో దగ్గర దగ్గరగా ఉన్న యాక్సెస్ పాయింట్లు ఒకదాని మాట ఇంకొకటి విని, తమ వంతు కోసం ఆగుతాయి. అవసరానికి మించి బిగించిన ప్రతి పెట్టె మిగతావాటి సమయాన్ని తినేస్తుంది.

ప్లాన్ చూసి చేసే డిజైన్ ఇంకా కట్టని భవనానికి సరైన దారి. కట్టేసిన భవనానికి అది సగం పనే. ఏ గోడ ఎంత సిగ్నల్ తింటుందో ఆ సాఫ్ట్‌వేర్‌కు మనిషే చెప్పాలి. జిప్సం పార్టిషన్‌కు 3 డెసిబెల్, తొమ్మిదంగుళాల ఇటుక గోడకు సుమారు 10, లిఫ్ట్ చుట్టూ ఉండే ఆర్‌సీసీ గోడకు 20 నుంచి 30. మూడు డెసిబెల్ పోతే శక్తి సగమైనట్టు, పది పోతే పదో వంతు మిగిలినట్టు. ప్లాన్ మీద గోడలన్నీ ఒకేలాంటి గీతలు. ఎక్స్‌రే, సీటీ, క్యాత్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్ష చేసే) గదుల గోడల్లో సీసం రేకు ఉంటుందని ఆ గీత చెప్పదు. సీసం దాటి సిగ్నల్ దాదాపు పోదు కాబట్టి ఆ గదులకు లోపలే విడిగా యాక్సెస్ పాయింట్ ఉండాలి.

కాబట్టి మీకు కావాల్సింది తిరిగి కొలిచే సర్వేనే. అయితే ఆ నాలుగు రోజుల్లో ఏం చేస్తారో విడివిడిగా రాయించుకోండి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌ను ప్రతి గదిలో విని నమోదు చేయడం ఒకటి. వైఫై కాని గోలను స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో, అంటే గాలిలోని రేడియో తరంగాలన్నింటినీ చూపే పరికరంతో, పట్టడం ఇంకొకటి. క్యాంటీన్ మైక్రోవేవ్ ఓవెన్, వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో చేసే అల్లరి మామూలు వైఫై కార్డుకు అర్థం కాదు. మూడోది, కొత్తగా పెట్టాలనుకున్న చోట అదే మోడల్ యాక్సెస్ పాయింట్‌ను స్టాండ్ మీద, బిగించబోయే ఎత్తులోనే, వాడబోయే శక్తితోనే పెట్టి కొలవడం. ఇలా ఒక్కో రకం గోడ ఉన్న చోట ఒకటి రెండుసార్లు చేస్తే చాలు, ఆరంతస్తులూ చేయనక్కర్లేదు. నాలుగోది, అంతా బిగించాక మళ్లీ వచ్చి కొలిచే తుది పరీక్ష. చాలా కొటేషన్లలో ఇది కనిపించదు. చివరి చెల్లింపును దీనికే ముడిపెట్టండి.

ఇక మీరు రాయాల్సిన కాగితం. ఏ పరికరాలు, ఒక్కో వార్డులో ఒకేసారి ఎన్ని, ఏ పనికి, వాటిలో అన్నింటికంటే బలహీనమైనది ఏది. నర్సులు ట్యాబ్ మీద కాల్స్ కూడా మాట్లాడతారంటే 5 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ), సిగ్నల్‌కూ గోలకూ మధ్య 25 డెసిబెల్ తేడా, ఒక పాయింట్ వదిలి ఇంకోదానికి మారడానికి రెండో యాక్సెస్ పాయింట్ మైనస్ 70-75 దగ్గర వినపడటం కావాలి. ఈ అంకెలు ఏ పరికరంలో కనిపించాలన్నది కూడా రాయండి. సర్వేవాళ్ల అడాప్టర్ బాగా వింటుంది. అదే చోట మామూలు ఫోన్ 5 నుంచి 10 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. మీ ట్యాబ్‌ను పక్కన పెట్టి ఆ తేడా కొలిచి, నివేదికలో దాన్ని తీసేశారో లేదో చూడండి.

మీ అసలు ఫిర్యాదుకు కవరేజీయే కారణం కాకపోవచ్చు. వార్డు మారినప్పుడే తెగుతోందంటే ముందు శక్తిని అనుమానించాలి. యాక్సెస్ పాయింట్ 20 డీబీఎం పైన అరుస్తుంటే, ట్యాబ్ 12-15 డీబీఎంతో గొణుగుతుంది. అటు మాట ఇటు వినపడుతుంది, ఇటు మాట అటు చేరదు. అంత గట్టిగా వినపడుతున్న పాత పాయింట్‌ను ట్యాబ్ వదలదు కూడా. వరండాలో వరసగా బిగించిన పాయింట్లు ఒకదానికొకటి నేరుగా కనిపిస్తూ, గదుల్లోకి మాత్రం గోడ దాటి నీరసంగా వెళ్తాయి. వాటిని గదుల్లోకి మార్చడంతోనే సగం బాధ తీరే భవనాలు ఎన్నో. అందుకే మీ ట్యాబ్‌తోనే, కాల్ నడుస్తుండగా, వార్డు నుంచి వార్డుకు నడిచి చూసే పరీక్షను ఒప్పందంలో రాయించండి.

నివేదిక అంటే రంగుల బొమ్మల పుస్తకం అన్న భ్రమ పోవాలి. పచ్చరంగు ఎక్కడ మొదలవ్వాలో సర్వే చేసేవారే పెట్టుకుంటారు. మైనస్ 80 నుంచి పచ్చ వేస్తే ఏ భవనమైనా పచ్చగానే ఉంటుంది. కొలిచిన చుక్క చుట్టూ ఎంత దూరం వరకు రంగు పులమాలో కూడా ఒక అమరికే. దాన్ని 15 మీటర్లు పెడితే, వరండాలో ఒకసారి నడిచి గదులన్నీ కొలిచినట్టు చూపించవచ్చు. అందుకే నడిచిన దారి గీత ప్రతి మ్యాప్ మీద కనిపించాలి. గది గడప దాటని గీత ఉంటే ఆ గదిని కొలవలేదు. ప్లాన్‌కు కొలత పెట్టేటప్పుడు తలుపు వెడల్పు ఆధారంగా తీసుకుంటే చిన్న తప్పు భవనమంతా పెరుగుతుంది. పొడవాటి వరండాను టేపుతో కొలిచి పెట్టాలి. రంగుల పీడీఎఫ్‌తో పాటు సర్వే సాఫ్ట్‌వేర్ అసలు ప్రాజెక్టు ఫైలు మీ చేతికి రావాలి. అది లేకపోతే రేపు ఇంకొకరు మొదటి నుంచి కొలవాల్సిందే.

ఇంతవరకు చెప్పింది డబ్బు వృథా గురించి. అంతకంటే భయపెట్టేది వేరే ఉంది. సర్వేకి వచ్చేవారికి మీ ఫ్లోర్ ప్లాన్ ఇస్తారు, వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు, ప్రతి గది తలుపూ తెరుస్తారు. ఇంత నమ్మకం ఇంకే కాంట్రాక్టరు మీదా పెట్టరు. ఆ ప్లాన్ చాలాసార్లు సర్వే సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లోకి ఎక్కుతుంది, అదీ ఎవరో ఉద్యోగి ఖాతాలోకి. రేపు అతను ఉద్యోగం మారితే, సర్వర్ గది, మందుల స్టోరు, క్యాష్ కౌంటర్ ఎక్కడున్నాయో చూపించే బొమ్మ ఎవరి దగ్గర ఉంటుందో చెప్పలేం. గదుల పేర్లు తీసేసి నంబర్లు మాత్రం ఉంచిన ప్లాన్ ఇవ్వండి. సర్వేకి గోడలు చాలు. పని ముగిశాక ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

పాస్‌వర్డ్ సంగతి ఇంకా ఘోరం. సిబ్బంది అందరికీ ఒకే పాస్‌వర్డ్, అదే వాట్సాప్‌లో సర్వే కుర్రాడికి. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో ఆ ఒక్క పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్క పరికరం నెట్‌వర్క్‌లో చేరే క్షణాన్ని పట్టుకుంటే, దాని గాలి సంభాషణను విప్పగలడు. పాస్‌వర్డ్ బయటికి పోయిందని తెలిసినా మార్చరు, ఎందుకంటే మూడు వందల పరికరాల్లో మళ్లీ కొట్టాలి. సిబ్బంది పరికరాలను ఒక్కొక్కరి గుర్తింపుతో నడిచే 802.1ఎక్స్‌కు మార్చడానికి ఇదే సమయం. చేరుతున్నది మీ అసలు నెట్‌వర్క్‌లోనేనా అని చూసే సర్టిఫికెట్ తనిఖీని పరికరంలో తప్పకుండా ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే, మీ నెట్‌వర్క్ పేరే పెట్టుకుని పార్కింగ్‌లో కూర్చున్న దొంగ యాక్సెస్ పాయింట్‌కు కూడా ట్యాబ్ తలుపు తీస్తుంది.

ఉన్న సిగ్నల్‌ను విని నమోదు చేసే పనికి పాస్‌వర్డే అక్కర్లేదు. దానికీ అడుగుతున్నారంటే పని తెలియనివారు. వేగం, పాయింట్ మారడం పరీక్షించడానికి మాత్రం నెట్‌వర్క్‌లో చేరాలి. దానికోసం రోగుల రికార్డుల వైపు దారిలేని వేరే వీల్యాన్‌లో (అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగంలో) తాత్కాలిక నెట్‌వర్క్ పెట్టి, పని ముగిసిన సాయంత్రమే తీసేయండి. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం పెట్టకండి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన మెయిల్ నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఒక వైఫై మీదుగానే వెళ్లింది.

సర్వేలో వినపడిన అన్ని యాక్సెస్ పాయింట్ల జాబితా కూడా అడిగి తీసుకోండి. పక్కింటివి పోను, ఒక గదిలో మైనస్ 40లో మోగుతూ మీ లెక్కలో లేనిది ఉందంటే, ఎవరో బల్ల కింద చవక రౌటర్ తగిలించారు. నెట్‌వర్క్ స్విచ్‌లో ఏ పోర్టుకు ఏ పరికరం తగిలి ఉందో చూపే మ్యాక్ పట్టికలో వెతికి ఆ పోర్టు మూసేయండి. అనుమానం వచ్చినవాటిని గాలిలోనే తోసేసే ఏర్పాటు ఆన్ చేస్తామంటే ఒప్పుకోకండి, అది పక్కవారి నెట్‌వర్క్‌ను కూడా కొడుతుంది. వైఫై సర్వే చేయించాం కాబట్టి భద్రతా తనిఖీ అయిపోయిందనుకోవడం కూడా తప్పు. దానికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించి జాబితాలో చేర్చిన ఆడిటర్లు వేరే ఉన్నారు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లు, అంటే వ్యవస్థలో ఎప్పుడేం జరిగిందన్న నమోదులు, 180 రోజులు ఉంచాలి. యాక్సెస్ పాయింట్లన్నింటినీ నడిపే మీ వైఫై కంట్రోలర్ లాగ్‌లు ఎన్నాళ్లు ఉంటున్నాయో ఇవాళే చూడండి.

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. బస్తాల స్కానింగ్‌కు వైఫై పెట్టాలి. ఖాళీగా ఉన్నప్పుడే సర్వే చేసేస్తే పని తేలికని కాంట్రాక్టరు అంటున్నాడు.

జవాబు: ఆయన పని తేలికవుతుంది. మీ స్కానర్లు మాత్రం సరుకు నిండగానే మూగబోతాయి. పైకప్పు దాకా పేర్చిన బస్తాల వరసలు సిగ్నల్‌ను పీల్చేస్తాయి. సగానికి పైగా నిండాకే కొలవమనండి. రెండు వైపులా ఇనుప రేకు ఉన్న పఫ్ ప్యానెల్ గోడను సిగ్నల్ దాటదు కాబట్టి ఒక్కో ఛాంబర్‌కు విడిగా లెక్కించాలి. నడవల పొడవునా చూసే డైరెక్షనల్ యాంటెన్నాలు ఎత్తయిన కప్పుకు నప్పుతాయి. కేబుల్ కోసం ప్యానెల్‌కు కొట్టిన రంధ్రాన్ని సరిగ్గా మూయకపోతే అక్కడ తేమ పట్టి కనెక్టర్ తుప్పు పడుతుంది. పరికరం పనిచేసే ఉష్ణోగ్రతను స్పెసిఫికేషన్‌లో చూసుకోండి.

ప్రశ్న: హనుమకొండ ఇంజినీరింగ్ కాలేజీ. 300 మంది ఒకేసారి ఆన్‌లైన్ పరీక్ష రాసే హాలులో సర్వే రిపోర్టు అంతా పచ్చగా ఉంది. పరీక్ష రోజు ఎవరికీ పేజీ తెరుచుకోలేదు.

జవాబు: ఖాళీ హాలులో కవరేజీ కొలిచారు. మీకు కావాల్సింది సామర్థ్యం లెక్క. యాక్సెస్ పాయింట్‌లోని ఒక్కో రేడియోకు 30-35 మంది చొప్పున 300 మందికి 5 గిగాహెర్ట్జ్‌లో తొమ్మిది పది రేడియోలు కావాలి, ఒక్కోటి వేరే ఛానెల్‌లో. రాడార్ కోసం ఖాళీ చేయాల్సిన ఛానెళ్లు వదిలేస్తే 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు మిగిలేవి తొమ్మిదే: 36 నుంచి 48 దాకా నాలుగు, 149 నుంచి 165 దాకా ఐదు. అదే వెడల్పు 80కి పెడితే మిగిలేవి రెండు! మీ కంట్రోలర్‌లో వెడల్పు ఎంతుందో చూడండి. ఎనభై ఉంటే కారణం దొరికినట్టే.

ఆ ఎనభై ఎవరు పెట్టారంటే చాలా చోట్ల ఎవరూ పెట్టలేదు. పెట్టె బయటికి తీసేసరికి అలాగే ఉంటుంది. ఇంట్లో ఒక్క రౌటర్ ఉన్నవారికి స్పీడ్ టెస్టులో పెద్ద అంకె కనిపించాలని తయారీదారులు ఎంచుకున్న అమరిక అది. కొందరు దాన్నే మూడు వందల మంది కూర్చునే హాలులో పెట్టే పెట్టెకూ ఇస్తారు. అంతకంటే కోపం తెప్పించేది అప్‌డేట్లు. రాత్రి ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) మారుతుంది, ఒక్కోసారి ఛానెల్, శక్తి, వెడల్పు మళ్లీ ‘ఆటో’లోకి పోతాయి. మార్పుల జాబితాలో ‘పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక్క వాక్యం. లక్షలు పోసి చేయించిన సర్వే విలువ తెల్లారేసరికి సున్నా. పరిపాలకుడు చేత్తో పెట్టిన అమరికను అప్‌డేట్ ముట్టుకోకూడదన్నది ఇంత చిన్న మర్యాద, దాన్ని కూడా పాటించరు. అప్‌డేట్ ఆపేయమని చెప్పడానికీ లేదు, భద్రతా లోపాల సవరణలూ అందులోనే వస్తాయి. కాబట్టి అప్‌డేట్‌కు ముందు అమరికల బ్యాకప్ తీసి, తర్వాత రెండింటినీ వరస వరసగా పోల్చుకోండి. పరీక్షలకు వారం ముందు నుంచి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపండి. ఇది చేయాల్సింది మీరు కాదు, తయారీదారు. అయినా చేయండి.

ప్రశ్న: హైదరాబాద్ మాదాపూర్ ఆఫీసు. అమెరికా మాతృ సంస్థ తమ 6 గిగాహెర్ట్జ్ (వైఫైకి కొత్తగా వచ్చిన తరంగాల పట్టీ) డిజైన్ పంపి అలాగే సర్వే చేయించమంటోంది.

జవాబు: అలాగే కుదరదు. అమెరికా 2020లో 5925 నుంచి 7125 దాకా మొత్తం 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది. 160 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు ఏడు వస్తాయి. మన దగ్గర టెలికాం శాఖ ఎంచుకున్నది దిగువ 500 మెగాహెర్ట్జ్‌నే, అంటే 6425 దగ్గర ఆగుతుంది. అందులో అలాంటివి మూడే. ఏడింటికి వేసిన ఛానెల్ ప్లాన్ మూడింటికి సరిపోదు, వెడల్పు తగ్గించి కొత్తగా వేయాలి. సర్వే సాఫ్ట్‌వేర్‌లో దేశం ‘ఇండియా’ అని ఉందో లేదో పని మొదలుపెట్టకముందే చూడండి. కొనబోయే మోడల్‌కు 6 గిగాహెర్ట్జ్‌తో కలిపి ఇక్కడి పరికర ఆమోదం ఉందో లేదో అమ్మేవారి నుంచి కాగితం తెప్పించుకోండి. ఇంకొకటి: ఆ పెట్టెల్లో చాలావాటికి 15.4 వాట్ల పాత పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చేది) చాలదు, శక్తి తక్కువైతే కొన్ని రేడియోలు మూసుకుని కూర్చుంటాయి. స్విచ్‌ల జాబితా కూడా సర్వే పరిధిలో చేర్పించండి.