ఇది వయసా, తలకు తగిలిన దెబ్బా?

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. భూమి తగాదా వస్తే మా ఊళ్లో అందరూ కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. ఏడాదిన్నర క్రితం బండి మీద నుంచి పడి తలకు గాయమై ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు నడుస్తున్నాను, మాట్లాడుతున్నాను. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే ఏదీ తలకెక్కదు, ఊరికే కోపం వస్తోంది, రెండు పేజీల పహాణీ చదివేసరికి అలసిపోతున్నాను. అబ్బాయిలు వయసు మీద పడిందంటారు, మా ఆవిడ గ్రహచారమంటుంది. నేను మునుపటి మనిషిని కాను. దీన్ని ఏమనుకోవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: మీరు రాసిన మూడు ఇబ్బందులూ తలకు దెబ్బ తగిలినవారిలో తరచుగా కనిపించేవే. వయసుతో వచ్చే మరుపు ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఫలానా రోజున మొదలైందని ఎవరూ చెప్పలేరు. మీకు మాత్రం ఆ రోజు స్పష్టంగా తెలుసు. మెదడు ముందుభాగం దెబ్బతింటే, చుట్టూ ఉన్న శబ్దాలను పక్కన పెట్టి ఒక్కరి మాట మీదే మనసు నిలపడమూ, కోపాన్ని నోటి దాకా రానీయకుండా ఆపుకోవడమూ కష్టమవుతాయి. పైకి కుట్ల మచ్చ తప్ప ఏమీ కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని వయసు ఖాతాలో వేస్తారు. వాళ్లది ప్రేమే, కానీ వయసేనని తేల్చేసుకుంటే చికిత్స అవసరం లేదనిపిస్తుంది. నాకు అభ్యంతరం అక్కడే. మీ ఆవిడ పూజలు చేయించుకుంటే ఆమె మనసు కుదుటపడుతుంది, చేయించుకోనివ్వండి.

అలాగని ప్రతిదీ దెబ్బ మీదకు నెట్టవద్దు. గోలలో మాటలు అందకపోవడానికి చెవి మందగించడం కూడా కారణం కావచ్చు, కాబట్టి ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి.

ఇక మునుపటి మనిషిని కానన్న మాట. ప్రాణం దక్కింది చాలు కదా అని అందరూ అంటుంటే మీ బాధ చెప్పుకునే చోటే లేకుండా పోయిందని నాకు అనిపిస్తోంది. పోయింది చిన్నదేమీ కాదు. ఊరికి మీరు పెద్దమనిషిగా నిలిచింది ఆ కాగితాలు చదవడం వల్లనే కదా. దానికి దుఃఖపడే హక్కు మీకు ఉంది. కానీ ఆ పని పూర్తిగా వదిలేయనక్కరలేదు. ఉదయం పూట, టీవీ ఆపించి, ఒక్కరినే, ఒక్క కాగితంతో రమ్మనండి. చదివాక పడుకోండి. "ఇవాళ చూసి రేపు చెబుతాను" అనండి. తగాదా తీర్చే మనిషి ఆ మాటంటే ఎవరూ తక్కువగా చూడరు.

న్యూరాలజిస్టును మళ్లీ కలిసి, జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ కొలిచే పరీక్షలు చేయించమని అడగండి. తలకు దెబ్బ తగిలాక డిప్రెషన్ రావడం మామూలే, దానికి చికిత్స ఉంది. ఉత్సాహం పూర్తిగా చచ్చిపోయినట్టు అనిపిస్తే మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కొత్తగా తలనొప్పి, మగత, అడుగు తడబడటం మొదలైతే ఒక్కరోజు కూడా ఆగవద్దు. పెద్దవయసులో చిన్న దెబ్బకు కూడా పుర్రె లోపల రక్తం వారాల తరబడి నెమ్మదిగా చేరవచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

డాక్టరు దగ్గరికి అబ్బాయిల్లో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇది వయసు కాదన్న మాట వాళ్లు ఆయన నోటితోనే వినడం అవసరం.