కోట దయ్యాలను రాయబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అర్ధరాత్రి ఓరుగల్లు కోటలో, కీర్తితోరణాల నడుమ రుద్రమదేవి ఆత్మ ఏడుస్తూ తిరుగుతున్నట్టు రాశావు. వాక్యాలు చక్కగా ఉన్నాయి, కానీ ఆమెను అక్కడ నిలబెట్టడానికి నీకున్న ఆధారం ఏమిటి? ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని చెప్పే 1289 నాటి శాసనం దొరికింది నల్లగొండ జిల్లా చందుపట్లలో. 1323లో ఈ కోటను ముట్టడించిన ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ చేతికి చిక్కి, ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతున్నది. శాసనాలకెక్కిన చావులు మనల్ని కోట బయటికే నడిపిస్తాయి. నెలల తరబడి సాగిన ఆ ముట్టడిలో మట్టికోటకూ రాతికోటకూ మధ్య నేలకూలిన బంట్లకూ, ఆకలితో పోయిన పిల్లలకూ ఏ రాయి మీదా పేరు లేదు. జనం నోట మిగిలిన దయ్యాలు వాళ్లవేనని నా నమ్మకం.

కోట లోపలి ఊళ్లో, బీడీలు చుట్టే ఒక అవ్వ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చాటలో తునికాకు, చేతిలో కత్తెర. అగడ్త సంగతి అడిగేసరికి ఆకు సగంలో కత్తెర ఆగింది. "అటు దిక్కు గాలుంటది బిడ్డా, పొద్దుగూకినంక పోకు" అన్నది. ఆమె ఒక్కసారి కూడా 'దయ్యం' అనలేదు. నీ కథలో ఆ మాట పదకొండుసార్లు వచ్చింది. చెప్పేవాళ్లు ఏ మాటను దాటవేస్తారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో అదే రాసుకో. తోరణం మీది హంసల వర్ణన తరువాత సంగతి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నీ కథలో దయ్యాన్ని రప్పించింది ఊరిచివర ఒంటరిగా బతికే ముసలమ్మ అని రాశావు. మన జిల్లాల్లో బాణామతి, చేతబడి నెపం మీద మనుషులను కొట్టి చంపిన ఘటనలు నిజంగా జరిగాయి, నిందపడ్డవాళ్లు చాలాసార్లు అటువంటి దిక్కులేనివాళ్లే. ఆ పాత్రను అలా ఉంచితే నేను ఈ కథను ఏ పత్రికకూ సిఫారసు చేయలేను.

రాణినీ, ఆ ముసలమ్మ మీది నిందనూ తీసివేసి మళ్లీ రాయి. దసరా సెలవుల్లో రా, అవ్వ దగ్గరికి తీసుకుపోతాను. పుస్తకం, పెన్ను సంచిలోనే ఉంచు.

ప్రేమతో,
మీ అన్న