కేర్ హోమ్‌లో చేరితే మొబిలిటీ డబ్బు ఆగిపోతుందా?

సందేహం: మేం ఇంగ్లండ్ వచ్చి ఆరేళ్ళయింది. ఐ.ఎల్.ఆర్. (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక మా పెద్దబ్బాయికి పిప్ (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) మంజూరైంది. వాడికి 19 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. పవర్ చెయిర్ (బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ) లేనిదే కదలలేడు. వాణ్ణి ఎత్తి ఎత్తి నా నడుము పోయింది. కౌన్సిల్ వాళ్ళు ఒక రెసిడెన్షియల్ హోమ్ చూపించి, ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నారు. అక్కడ చేరితే 28 రోజుల తర్వాత పిప్ మొత్తం ఆగిపోతుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మొత్తం ఆగదమ్మా. సగం ఆగుతుంది, సగం వస్తూనే ఉంటుంది. వచ్చే ఆ సగమే మీ అబ్బాయికి చాలా ముఖ్యం.

పిప్‌లో రెండు భాగాలుంటాయి. తిండి, స్నానం, బట్టల వంటి రోజువారీ పనులకు డైలీ లివింగ్. బయటికి వెళ్ళిరావడానికి మొబిలిటీ. హోమ్ ఖర్చులో కొంతైనా కౌన్సిల్ భరిస్తుంటే 28 రోజుల తర్వాత డైలీ లివింగ్ ఆపేస్తారు. ఆ పనులన్నీ హోమ్ వాళ్ళే చూస్తారు కాబట్టి. మొబిలిటీని మాత్రం ముట్టుకోరు. 2025-26లో ఎక్కువ రేటు వారానికి 77.05 పౌండ్లు, తక్కువ రేటు 29.20.

మరి అందరూ మొత్తం పోతుందని ఎందుకు అంటున్నారు? ఆసుపత్రి నియమంతో కలిపేసుకుని కావచ్చు. పెద్దవాళ్ళు ఆసుపత్రిలో 28 రోజులు దాటి ఉంటే రెండు భాగాలూ ఆగుతాయి. కేర్ హోమ్ నియమం వేరు. ఇంకో కారణం పాతది. ఒకప్పుడు ఈ డబ్బు నిజంగానే పోబోయింది. ఆ సంగతి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇవాళ మీ అబ్బాయికి ఆ హక్కు ఉందంటే దానికోసం కొట్లాడినవాళ్ళు ఉన్నారు.

2010 అక్టోబరు 20న ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఖర్చుల కోత ప్రకటించారు. అప్పటికింకా పిప్ లేదు, దాని స్థానంలో డి.ఎల్.ఎ. అనే భత్యం ఉండేది. ప్రభుత్వ ఖర్చుతో కేర్ హోమ్‌లో ఉంటున్నవాళ్ళకు అందులోని మొబిలిటీ భాగాన్ని తీసేస్తామన్నారు. దాదాపు 80 వేల మంది మీద పడే కోత అది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు ఇవ్వనప్పుడు హోమ్‌లో ఉన్నవాళ్ళకు ఎందుకివ్వాలి, వాళ్ళ ప్రయాణాలు కౌన్సిళ్ళూ హోమ్‌లూ చూస్తాయి కదా అన్నది ప్రభుత్వ వాదన. నాకు ఈ వాదన అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. ఆసుపత్రికి మనిషి నయం చేయించుకుని ఇంటికి రావడానికి వెళ్తాడు. కేర్ హోమ్ అంటే ఆ మనిషికి అదే ఇల్లు.

లెక్క చూడండి. హోమ్‌లో ఉన్నవాళ్ళ మిగతా ఆదాయం చాలావరకు హోమ్ ఖర్చు కింద జమకట్టుకుని, చేతి ఖర్చుకని కొంత వదిలేస్తారు. అప్పట్లో అది వారానికి 22.30 పౌండ్లు. సబ్బు, బట్టలు, ఫోను, క్షవరం, తమ్ముడి పుట్టినరోజుకి కానుక, అన్నీ అందులోనే. మొబిలిటీ ఎక్కువ రేటు అప్పుడు 49.85. అది తీసేస్తే మిగిలిన ఆ 22 పౌండ్లలో రాంపున్న టాక్సీ మాట్లాడుకోగలరా? మొబిలిటీ డబ్బుతో అద్దెకిచ్చే మోటబిలిటీ పథకం కింద కారో పవర్ చెయిరో తీసుకున్నవాళ్ళు దాన్ని తిరిగిచ్చేయాల్సి వచ్చేది.

వికలాంగుల సంఘాలు ఊరుకోలేదు. లెనార్డ్ చెషైర్, మెన్‌క్యాప్ సంస్థలు స్వతంత్ర సమీక్ష జరిపించాయి. దానికి అధ్యక్షుడు లార్డ్ కాలిన్ లో (Low), స్వయానా చూపు లేని మనిషి. ప్రభుత్వం చెప్పినట్టు ఒకే అవసరానికి రెండు చోట్ల నుంచి డబ్బు అందుతోందనడానికి ఆధారం లేదని 2011 నవంబరులో ఆ సమీక్ష తేల్చింది. డిసెంబరు 1న మంత్రి మరియా మిల్లర్ ఆ కోత మానుకుంటున్నామని చెప్పారు. 2013లో పిప్ వచ్చినప్పుడు మొబిలిటీ భాగం హోమ్‌లో ఉన్నవాళ్ళకూ కొనసాగింది.

ఈ డబ్బు విలువ మా దగ్గర ఒక తెలుగు కుర్రాణ్ణి చూస్తే అర్థమవుతుంది. బర్మింగ్‌హామ్ వైపు హోమ్‌లో ఉంటాడు. శనివారం వస్తే టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళాలి. బరువైన పవర్ చెయిర్ మామూలు కారులో ఎక్కదు. రాంపు దించే టాక్సీ రావాలి, చెయిర్‌ని నాలుగు మూలలా బెల్టులతో నేలకి బిగించాలి, రానుపోను ఛార్జీకే వారం డబ్బులో సగం పైన పోతుంది. గుళ్ళో పులిహోర తిని, తనకు తెలిసినవాళ్ళందర్నీ పలకరించి గానీ కదలడు. ఆ డబ్బు లేకపోతే హోమ్ వాళ్ళు చేసేది తప్పు కాదు గానీ, మినీబస్సు ఖాళీ ఉన్నప్పుడు అందరూ ఎక్కడికెళ్తే అక్కడికే అతనూ వెళ్ళాలి.

ఇక మీరు చేయాల్సినవి. అబ్బాయి హోమ్‌లో చేరిన తేదీ పిప్ ఇచ్చే ప్రభుత్వ శాఖ డి.డబ్ల్యు.పి.కి వెంటనే చెప్పండి. ఆలస్యమైతే డైలీ లివింగ్ డబ్బు రావాల్సినదానికన్నా ఎక్కువ జమై, తర్వాత వెనక్కి కట్టమని ఉత్తరం వస్తుంది, ఊరికే టెన్షన్. వాడు వారాంతాల్లో ఇంటికి వస్తుంటే ఆ తేదీలూ రాసిపెట్టి చెప్పండి. ఇంట్లో ఉన్న రోజులకు డైలీ లివింగ్ ఇస్తారు, హోమ్ నుంచి బయల్దేరిన రోజూ తిరిగి చేరిన రోజూ అందులోకే వస్తాయి. శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని ఆదివారం రాత్రి దింపితే మూడు రోజులు. ఈ సంగతి తెలియక ఎంతోమంది అడగనే అడగరు.

అబ్బాయి తన ఆదాయంలోంచి ఎంత కట్టాలో తేల్చడానికి కౌన్సిల్ ఆర్థిక పరిశీలన చేసినప్పుడు మొబిలిటీ భాగాన్ని ఆదాయంగా లెక్కించకూడదు. కాగితం చేతికి రాగానే ఆ వరుస చూడండి. లెక్కించి ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళు ఉచితంగా సాయం చేస్తారు. హోమ్ ఒప్పందంలో 'రవాణా ఖర్చు' అని ఉంటే అది దేనికో అడగండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఎవరి ఖర్చో తేల్చుకున్నాకే సంతకం చేయండి. అందరి మొబిలిటీ డబ్బూ కలిపి బస్సుకి పెడుతున్నాం అంటే, మీ అబ్బాయికి ఆ బస్సు నిజంగా ఎంత పనికొస్తుందో చూసుకుని ఒప్పుకోండి. ఒప్పుకోవాలని బలవంతం లేదు. డబ్బు చూసుకోవడం వాడివల్ల కాకపోతే అపాయింటీగా (వాడి తరఫున ఆ డబ్బు అందుకుని చూసుకునే మనిషిగా) మీరే ఉండండి, హోమ్‌కి వదిలేయకండి.

మనవాళ్ళు చాలామంది ఇప్పుడు ఈ హోమ్‌లలోనే కేరర్లుగా పనిచేస్తున్నారు. వాళ్ళకూ ఒక మాట. మీరు చూసుకునే మనిషి ఎక్కడికైనా వెళ్ళాలని అడిగితే 'డబ్బుల్లేవు' అని ఎవరో చెప్పారని ఊరుకోకండి. మొబిలిటీ వస్తోందా, ఎవరి ఖాతాలో పడుతోంది, దేనికి ఖర్చవుతోంది అని మేనేజర్ని అడగండి. కేర్ ప్లాన్‌లో బయటికి వెళ్ళే వరుసలు ఖాళీగా ఉంటే అదీ అడగదగ్గ విషయమే.

ఇంకా వీసా మీదే ఉన్నవాళ్ళు, పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాల వంటివి) వాడరాదన్న షరతు ఉంటే, పిప్‌కి దరఖాస్తు చేయకూడదు. చేస్తే వీసాకే ముప్పు. అయితే కౌన్సిల్ ఇచ్చే సోషల్ కేర్, బ్లూ బ్యాడ్జ్ (వికలాంగుల పార్కింగ్ కార్డు) ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేవు. అర్హత ఉంటే వాటిని అడగడానికి సంకోచించక్కర్లేదు. స్కాట్లండ్‌లో ఉంటే పిప్ స్థానంలో అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంటుంది, దరఖాస్తు సోషల్ సెక్యూరిటీ స్కాట్లండ్‌కి పెట్టాలి.