ఆ ఒక్క మెసేజ్ తేదీ మీదే మీ కేసంతా

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలోని ఒక మందుల కంపెనీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రొడక్షన్ విభాగానికి హెడ్‌ని. తొమ్మిది మంది విభాగాధిపతుల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ప్లాంట్ హెడ్ పోస్టు ఖాళీ అయితే నాకే వస్తుందని అందరూ అనుకునేవారు. 2025 మార్చి 6న ఆడిట్ పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు, 'ప్లాంట్ హెడ్ సంగతి మాట్లాడుకుందాం' అంటూ మా వైస్ ప్రెసిడెంట్ రాత్రి హోటల్లో తన గదికి రమ్మన్నాడు. వెళ్లలేదు. జూన్‌లో నన్ను ఇన్‌స్పెక్షన్ టీమ్ లీడర్ బాధ్యత నుంచి తప్పించారు. జులైలో రేటింగ్ తగ్గించారు. ఆగస్టు 11న ప్లాంట్ హెడ్ పోస్టు నాకంటే నాలుగేళ్లు జూనియర్‌కి ఇచ్చారు. ఆగస్టు 19 రాత్రి 'ఆ రోజు వచ్చి ఉంటే ఈ సీటు నీదే' అని వాట్సాప్‌లో పెట్టాడు. అసహ్యమేసి చాట్ మొత్తం డిలీట్ చేసి నంబరు బ్లాక్ చేశాను. మా చెల్లికి మాత్రం స్క్రీన్‌షాట్ పంపాను. నిద్ర పట్టక అక్టోబరు నుంచి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. హెచ్‌ఆర్‌లో ఉన్న స్నేహితురాలు 'సెప్టెంబరు తేదీ వేసి ఫిర్యాదు రాసివ్వు, వచ్చిన కాగితాల ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఎక్కిస్తాను' అంటోంది. హెచ్‌ఆర్ మేనేజరేమో ఆరు నెలల జీతం తీసుకుని రాజీనామా చేయమంటున్నాడు. నా పన్నెండేళ్ల కష్టానికి న్యాయం జరుగుతుందా? ఆ పోస్టు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకురాలు (ఉత్తరం రాసిన తేదీ 2026 జనవరి 20)

జవాబు: మీ సర్వీసు, మీ జూనియర్‌కి దక్కిన పదవి, తొమ్మిది మందిలో మీరొక్కరే కావడం, ఇవన్నీ నిజమే కావచ్చు. కేసును తేల్చేవి మాత్రం అవి కావు. మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆగస్టు 19 రాత్రి మెసేజ్ తేలుస్తుంది.

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 (అందరూ పోష్ చట్టం అంటున్నది ఇదే) 9వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి 3 నెలలు. ఆ గడువులో ఇవ్వలేని పరిస్థితి ఉందని, ఈ ఫిర్యాదులు విచారించే కంపెనీ అంతర్గత కమిటీ నమ్మితే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి మరో 3 నెలలు పొడిగించవచ్చు. ఆపైన ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిటీకి లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మార్చి 6 ఘటన ఒక్కటే అయితే మొదటి గడువు జూన్ 6న, పొడిగింపు కూడా సెప్టెంబరు 6న అయిపోయాయి. మరి జూన్‌లో బాధ్యత తప్పించడం, జులైలో రేటింగ్, ఆగస్టులో పోస్టు చేజారడం వేధింపుకు కొనసాగింపే కదా అని మీరు అడగవచ్చు. అక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఒక న్యాయ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌పై ఒక అధ్యాపకురాలు ఇచ్చిన ఫిర్యాదులో సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 12న తీర్పు చెప్పింది. ఆమె చెప్పిన చివరి వేధింపు 2023 ఏప్రిల్‌లో. ఆగస్టులో ఆమెను ఒక సెంటర్ డైరెక్టర్ పదవి నుంచి తప్పించారు. ఫిర్యాదు ఇచ్చింది డిసెంబరు 26న. పదవి నుంచి తప్పించడం పాలనాపరమైన చర్య, దాన్ని లైంగిక వేధింపుకు కొనసాగింపుగా లెక్కించలేం అన్నది కోర్టు. ఫిర్యాదు కాలపరిమితి దాటిందని తేల్చింది. ఆ తీర్పును వైస్ చాన్సలర్ రెజ్యూమేలో చేర్చాలని కూడా ఆదేశించింది. కానీ ఫిర్యాదు మాత్రం విచారణకే నోచుకోలేదు.

మీ కేసు ఆ గతి పట్టకుండా ఆపుతున్నది ఆగస్టు 19 మెసేజ్. అది పాలనాపరమైన చర్య కాదు. పదవిని, గదికి రమ్మన్న కోరికను అతనే ఒకే వాక్యంలో ముడిపెట్టాడు. ఒప్పుకుంటే ఉద్యోగంలో మేలు, కాదంటే కీడు అని సూచించడాన్ని చట్టం 3వ సెక్షన్ లైంగిక వేధింపు కిందే లెక్కిస్తుంది. కాబట్టి మీ చివరి ఘటన ఆగస్టు 19. మొదటి 3 నెలలు నవంబరు 19తో అయిపోయాయి. పొడిగింపు 2026 ఫిబ్రవరి 19 దాకా ఉంది. అంటే మీ చేతిలో ఉన్నది నెల కూడా లేదు. అదీ కమిటీ దయ మీద ఆధారపడిన నెల.

ఇంత విలువైన మెసేజ్‌ను డిలీట్ చేశారు. ఒక ప్లాంటులో బ్యాచ్ రికార్డు చింపేసిన ఆపరేటర్‌ను మీరు క్షమిస్తారా? అసహ్యమేస్తే బ్లాక్ చేస్తే చాలు, బ్లాక్ చేసినంత మాత్రాన పాత చాట్ పోదు. పోయింది మీరు చాట్‌ను డిలీట్ చేయడం వల్ల. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. మీ వైపు డిలీట్ చేస్తే అతని ఫోన్‌లో చెరిగిపోదు. పత్రాలు తెప్పించడంలో, సాక్షుల్ని పిలిపించడంలో 11వ సెక్షన్ కింద అంతర్గత కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. ఆగస్టు 19 నాటి చాట్‌ను అతను చూపించాలని ఫిర్యాదుతో పాటే అర్జీ పెట్టండి. చూపించకపోతే, ఎందుకు చూపించలేదన్న ప్రశ్నకు అతనే జవాబు చెప్పుకోవాలి.

మీకున్న గట్టి ఆధారం మీ చెల్లెలి ఫోన్. స్క్రీన్‌షాట్ ఆమెకు ఏ తేదీన, ఎన్ని గంటలకు చేరిందో ఆ చాట్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వాట్సాప్ దాచిన ఫైల్ పేరులోనే తేదీ అంకెలు కనిపిస్తాయి. ఆ బొమ్మను కత్తిరించవద్దు, గుర్తులు పెట్టవద్దు, మళ్లీ మళ్లీ ఫార్వర్డ్ చేయవద్దు. దాని ముందు వెనుక మీరిద్దరూ మాట్లాడుకున్న మాటలతో సహా చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయించండి. చెల్లెలు ఫోన్ మార్చకూడదు, రీసెట్ చేయకూడదు. మీరు కూడా పాత చాట్ వస్తుందేమోనని వాట్సాప్ తీసేసి మళ్లీ ఎక్కించవద్దు. కొత్త బ్యాకప్ పాతదాన్ని తుడిచేస్తుంది, ఉన్న కాస్తా పోతుంది. ఆ ప్రయత్నమేదో నిపుణుడి చేత చేయించండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ కావాలి. ఫోన్ ఎవరిదో వారు ఒక భాగం, నిపుణుడు రెండో భాగం నింపి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. కమిటీ ముందు సాక్ష్య నియమాలు అంత కఠినంగా ఉండవు. కానీ రేపు అప్పీలులోనో హైకోర్టులోనో అవతలి వకీలు మొదట పట్టుకునేది ఇదే. ఇప్పుడే తీసి ఉంచండి.

మార్చి 6కి సంబంధించి హోటల్ బిల్లు, ప్రయాణ టికెట్లు, ఆ రాత్రో మర్నాడో ఎవరితోనైనా చెప్పి ఉంటే వారి పేరు రాసిపెట్టుకోండి. గడువు దాటిన ఘటన అయినా నేపథ్యంగా అది తప్పక కావాలి, అది లేకపోతే 'ఆ రోజు' అన్న మాటకు అర్థమే ఉండదు.

ఇక తేదీ మార్చే సలహా. అమ్మా, ఆ పని మాత్రం చేయవద్దు. కడివెడు పాలు ఒక్క ఉప్పుకల్లుతో విరిగినట్టు మీ నిజమైన మెసేజ్ ఆ అబద్ధపు తేదీతో పోతుంది. ఫైల్ ఎప్పుడు తయారైందో కంప్యూటర్ చెబుతుంది, రిజిస్టర్‌లో ముందు వెనుక నంబర్లు చెబుతాయి. ఫోర్జరీ పత్రం పెట్టిన ఫిర్యాదుదారుపైనే చర్యకు 14వ సెక్షన్ వీలిస్తుంది. ఆరోపణ రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆ సెక్షన్ రాదు, దొంగ కాగితం పెడితే వస్తుంది. పైగా చట్టబద్ధంగా పొడిగింపు అడిగే హక్కు ఇంకా ఉన్నప్పుడు ఈ దొంగదారి దేనికి? స్నేహితురాలి ఉద్యోగం కూడా పోతుంది.

ఆరు నెలల జీతం సంగతి. 10వ సెక్షన్ కింద రాజీకి వీలుంది, అదీ మీరు కోరితేనే. కానీ డబ్బు ప్రాతిపదికగా రాజీ చేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. 'నాకు ఎలాంటి ఫిర్యాదులూ లేవు' అన్న వాక్యం ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ఆ మేనేజర్ మాటలకు జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి.

ఫిర్యాదు ఇలా ఉండాలి. 6 ప్రతులు, పత్రాలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో. మొదటి పేరాలోనే ఆగస్టు 19 మెసేజ్‌ను అతని మాటల్లోనే, యథాతథంగా రాయండి. తర్వాత మార్చి 6. ఆపైన జూన్, జులై, ఆగస్టు నిర్ణయాల్లో ఒక్కోటీ ఎవరు తీసుకున్నారు, సంతకం ఎవరిది అన్నది రాయండి. అతనివే అయితే వేధింపుతో ముడి నిలబడుతుంది, పై బోర్డు వేరే నివేదిక ఆధారంగా తీసుకుంటే నిలబడదు. చివర వేరే శీర్షికతో ఆలస్యానికి కారణాలు: పైఅధికారి చేతిలో ఉన్న రేటింగ్, అక్టోబరు నుంచి డాక్టరు చీటీలు, కమిటీ సభ్యుల వివరాలు ఆఫీసులో ప్రదర్శించకపోతే ఆ సంగతి. 'భయపడ్డాను' అని ఒక్క మాట రాస్తే కమిటీ పొడిగించదు. తేదీలతో రాయాలి.

ఇచ్చే ముందు కమిటీ కూర్పు చూడండి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయి ఉండాలి, సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. సభ్యుల్లో ఎవరైనా అతని కింద పనిచేస్తుంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. కమిటీయే లేకపోతే, లేదా అతను చట్టం దృష్టిలో యజమాని స్థానంలో ఉంటే, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిబ్రవరి 19 దాకా ఆగవద్దు, ఈ నెలలోనే ఇచ్చి తేదీ ఉన్న రసీదు తీసుకోండి, అదే రోజు ఈమెయిల్ కూడా చేయండి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. 2025 జులై నుంచి కంపెనీలు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, 90 రోజులు దాటినవి ఎన్నో బోర్డు నివేదికలో చూపాలి కాబట్టి నాన్చడం మునుపటంత తేలిక కాదు.

పోస్టు తిరిగి వస్తుందా అన్నారు. ప్లాంట్ హెడ్ సీటు ఇప్పించే అధికారం కమిటీకి ఉందని నేను చెప్పను. కానీ 15వ సెక్షన్ పరిహారం లెక్కించేటప్పుడు చేజారిన ఉద్యోగావకాశాన్ని పరిగణించమని పేరు పెట్టి చెప్పింది. ఆ పోస్టుకీ మీ పోస్టుకీ జీతంలో తేడా ఎంతో కాగితం మీద పెట్టండి. నిరూపణ అయితే అతని ప్రమోషన్ ఆపడం నుంచి తొలగింపు దాకా కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆడవాళ్లు పై మెట్టు ఎక్కకుండా ఆపే గేటు ఇలాంటి మనిషే అయినప్పుడు, ఆ గేటు తీయించడం మీ తర్వాత వచ్చేవారికీ అవసరం.

కమిటీ పొడిగింపు నిరాకరించినా క్రిమినల్ దారి మిగిలే ఉంటుంది. లైంగిక కోరిక తీర్చమని అడగడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల దాకా శిక్ష. దానికి కాలపరిమితి 3 ఏళ్లు, అంటే మార్చి 6 ఘటనకు 2028 మార్చి వరకు. దీన్ని బెదిరింపుగా వాడవద్దు. అవసరమైతే నేరుగా ఫిర్యాదు ఇవ్వండి. రెండూ ఒకేసారి నడపవచ్చు.

ఫిర్యాదుతో పాటు 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉపశమనం కూడా అడగండి. మీ పనితీరు నివేదిక అతను రాయకుండా వేరే అధికారికి అప్పగించమని కోరవచ్చు. ఈ ఏడాది రేటింగులు మొదలయ్యేలోపే ఆ ఆదేశం మీ చేతికి రావాలి.