టీ పారబోసింది 1773లో, కాల్పులు జరిగింది 1775లో. మధ్యలో ఏమైంది?

"టీ మీద పన్ను వేసినందుకు ఏకంగా యుద్ధమా?" అని అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి ఒకరు నన్ను అడిగారు. పన్ను ఒక్కటే కారణమైతే యుద్ధం 1765లోనే రావాలి. ఫ్రెంచివాళ్ల మీద గెలిచి అప్పుల్లో కూరుకుపోయిన బ్రిటన్ ఆ ఏడాది అమెరికాలోని తన వలసల మీద స్టాంపు పన్ను వేసింది. జనం నానా రభస చేశారు, మరుసటి ఏడాది అది రద్దయింది, గొడవ సద్దుమణిగింది. 1770లో బోస్టన్‌లో సైనికుల కాల్పులకు ఐదుగురు చనిపోయారు, అప్పుడూ రాలేదు. 1773 డిసెంబర్‌లో బోస్టన్ రేవులో నిరసనకారులు 342 పెట్టెల టీ సముద్రంలో పారబోశారు, అప్పుడూ రాలేదు. (ఆ టీ ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారుల్లో పాగా వేసింది.)

నన్నడిగితే అసలు మలుపు 1774లో లండన్ తెచ్చిన చట్టాలు. టీ నష్టం కట్టేదాకా బోస్టన్ రేవు మూసేశారు. అది బోస్టన్‌కి దెబ్బ. కానీ ఇంకో చట్టం బోస్టన్ ఉన్న మాసచూసెట్స్‌లో ప్రతి పల్లెకీ తగిలింది: గవర్నర్ అనుమతి లేకపోతే టౌన్ మీటింగ్ ఏడాదికి ఒక్కసారే పెట్టుకోవాలి, గవర్నర్ కౌన్సిల్ సభ్యుల్ని ఇకపై రాజే నియమిస్తాడు. టౌన్ మీటింగ్ అంటే మన గ్రామసభ లాంటిదే గానీ, పేరుకి జరిగేది కాదు. నేనుండే ఈ మాసచూసెట్స్‌లో చాలా ఊళ్లలో ఇప్పటికీ బడ్జెట్ అందులోనే ఓటుకి పెడతారు. ఓసారి కొలీగ్ వెంట వెళ్లి చూశాను. ఫైర్ ట్రక్కు ఇప్పుడే కొనాలా, వచ్చే ఏడాది కొనాలా అని రాత్రి బాగా పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. ఇలాంటివాళ్లని నోరు మూసుకోమంటే ఊరుకుంటారా?

ఊరుకోలేదు. మనవాళ్లు చాలామంది ఉండే ష్రూస్‌బరీ పక్కనే వుస్టర్ ఉంది. 1774 సెప్టెంబర్ 6న అక్కడ 4,622 మంది రోడ్డుకి రెండు వైపులా బారులు తీరి కోర్టు తెరవనివ్వలేదు. కోర్టు అధికారులు టోపీలు తీసి చేత్తో పట్టుకుని, ఆ వరసల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పనిచేయబోమని పదే పదే చదవాల్సొచ్చింది. ఒక్క తూటా పేలలేదు. కానీ బోస్టన్ దాటితే రాజు మాట చెల్లడం మానేసింది.

ఇక మిగిలింది తుపాకి మందు. బోస్టన్ పక్కన నేనుండే సోమర్‌విల్‌లో పౌడర్ హౌస్ అని పాత రాతి కట్టడం ఉంది. మొదట గాలిమర, తర్వాత మందు దాచే కొట్టు. బస్సుకి వెళ్తూ రోజూ దాని పక్కనుంచే నడుస్తాను. 1774 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున గవర్నరూ, సేనాధిపతీ అయిన గేజ్ పంపిన సైనికులు అందులోని మందంతా పట్టుకుపోయారు. లెక్కప్రకారం అది ప్రభుత్వానిదే. అయినా "ఆరుగుర్ని చంపేశారట, బోస్టన్ మీద ఫిరంగులు పేలుస్తున్నారట" అని పుకారు లేచింది. మర్నాటికి వేలమంది బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ చేరారు. అబద్ధమని తేలాక ఇళ్లకెళ్లారు గానీ, ఈసారి నిజంగా వస్తే ఏం చేయాలో ఊరూరా సిద్ధం చేసుకున్నారు.

ఆ 'ఈసారి' 1775 ఏప్రిల్ 19న వచ్చింది. స్థానికులు కాంకర్డ్ అనే ఊళ్లో దాచిన ఆయుధాల కోసం బోస్టన్ నుంచి దాదాపు 700 మంది బ్రిటిష్ సైనికులు బయల్దేరారు. దారిలో లెక్సింగ్టన్ పచ్చికలో ఎదురు నిలిచింది సుమారు 77 మంది ఊరివాళ్లు. మొదట ఎవరు కాల్చారో ఇప్పటికీ తేలలేదు. ఎనిమిది మంది ఊరివాళ్లు చనిపోయారు. కాంకర్డ్‌లో సైనికులు ఫిరంగి బళ్లు తగలబెడితే పొగ లేచింది. ఊరే కాలుస్తున్నారనుకుని వంతెన దగ్గరున్న స్థానికులు కదిలారు. ముందు సైనికులే కాల్చారు, వీళ్లు తిరిగి కాల్చారు. వెనక్కెళ్లే దారిపొడవునా రాతి గోడల చాటునుంచి, చెట్ల వెనకనుంచి తూటాలే. ఆ దారిని ఇప్పుడు పార్కుగా ఉంచారు. నడిస్తే తెలుస్తుంది, మలుపు మలుపుకీ మాటు వేయడానికి చోటుంది. సాయంత్రానికి 73 మంది సైనికులు, 49 మంది స్థానికులు చనిపోయారు. ఆ తర్వాత వేలమంది వచ్చి బోస్టన్‌ని చుట్టుముట్టారు.

అప్పటికీ స్వాతంత్ర్యం అడగలేదు! జులైలో వలసల ప్రతినిధులు రాజుకి రాజీ విన్నపం పంపారు. ఆయన ఆగస్టులో వీళ్లని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. స్వాతంత్ర్య ప్రకటన 1776 జులైలో గానీ రాలేదు.

ఇటువైపు వస్తే పేట్రియట్స్ డేకి (ఆ ఏప్రిల్ 19 గుర్తుగా ఇక్కడిచ్చే సెలవు) లెక్సింగ్టన్‌లో ఆ పోరు మళ్లీ ఆడి చూపిస్తారు. చీకటితోనే వెళ్లండి, ఏప్రిల్ అయినా చలి వణికిస్తుంది. పిల్లలుంటే నిలబడటానికి చిన్న స్టూలు పట్టుకెళ్లండి, లేకపోతే ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు.