అరకు మ్యాచ్‌కి వెళ్లే ముందు

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

నవంబరు ఆఖరి ఆదివారం అరకు అవతల ఊళ్లో మ్యాచ్ పడిందనీ, ఈసారి కెప్టెన్ నువ్వేననీ చెప్పావు. అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. ఆ గ్రౌండ్‌లో నేను ఆడాను. ఫోన్‌లో హడావుడిగా చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. టీమ్ వాళ్లకి కూడా చదివి వినిపించు.

మ్యాచ్ రోజు పొద్దున్న రైలుకి వెళ్దామని మీవాళ్లు అంటున్నారట, ఒప్పుకోకు. రైలు అరకు చేరేసరికి పది దాటుతుంది. కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి, అందులో చాలావరకు అరకు లోపే వస్తాయి. ప్రతి సొరంగంలోనూ కుర్రాళ్లు కేకలు పెడతారు. గొంతులు పోయాక ఫీల్డింగ్‌లో 'నాది' అని పిలవడానికి ఎవరికీ మాట రాదు. శనివారం మధ్యాహ్నమే వ్యాన్‌లో బయల్దేరండి. విశాఖ నుంచి నూట పదిహేను కిలోమీటర్లే కానీ, ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ మొదలవుతుంది, చీకటి పడకముందే ఎక్కేయాలి. ఎస్.కోటలో పులిహోర, బజ్జీలు దట్టంగా తినేసి ఎక్కితే ఆ మలుపుల్లో కడుపు తిప్పేస్తుంది. ఒకసారి మా ఓపెనింగ్ బౌలర్ అలాగే వాంతులు చేసుకుని, మర్నాడు రెండు ఓవర్లు కూడా వేయలేకపోయాడు. అనంతగిరిలో ఆగి కాఫీ తాగండి, చాలు. చేతిలో నోట్లు ఉంచుకో. పైన సిగ్నల్ లేనిచోట ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు. స్కోరు యాప్ కూడా నమ్ముకోకు, పుస్తకం, రెండు పెన్నులు పట్టుకెళ్లు.

ఇక బంతి. మీరు మ్యాట్ మీద లెదర్ బంతితో ఆడేవాళ్లు, అక్కడ ఆడేది హార్డ్ టెన్నిస్ బంతితో, మట్టి పిచ్ మీద. మనవాళ్లు దాన్ని పిల్లల ఆట అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. లెదర్ బంతిని కొట్టినట్టు కవర్స్ మీదుగా డ్రైవ్ చేయబోతే, బంతి బ్యాట్ మీదకి ఆలస్యంగా వచ్చి గాల్లోకి లేస్తుంది. ఆగి, బంతి దగ్గరికి వచ్చాకే నేరుగా కొట్టమను. క్యాచ్ కూడా వేరు. టెన్నిస్ బంతి అరచేతుల్లోంచి ఎగిరిపోతుంది. చేతులు బిగబట్టకుండా, బంతితో పాటు ఛాతీ దగ్గరికి లాక్కోవాలి. పొద్దున్న మంచుకి బంతి పైనున్న నూగు తడిసి బరువెక్కుతుంది, కిందకి జారుతూ వస్తుంది. అందుకని నాలుగైదు బంతులు అదనంగా ఉంచు. వెళ్లే ముందు రెండు వారాలు దాంతోనే ప్రాక్టీస్ చేయించు.

రంగు సంగతి ఒకటుంది, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఆ రోజుల్లో గ్రౌండ్ చుట్టూ వలిసె పూలు విరగబూసి ఉంటాయి. కొండ అంచు దాకా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. బంతి స్పష్టంగా కనపడాలని బౌలర్ వెనక పెట్టే తెర, సైట్ స్క్రీన్, అక్కడ ఉండదు. పసుప్పచ్చ టెన్నిస్ బంతి ఆ పూల మీద నుంచి వస్తుంటే బ్యాట్స్‌మన్‌కీ కనిపించదు, బౌండరీ దగ్గర ఫీల్డర్‌కీ కనిపించదు. ఎర్ర టెన్నిస్ బంతులు కొని తీసుకెళ్లి, ఆ కెప్టెన్‌కి చూపించి, దీంతో ఆడదామా అని అడుగు. వాళ్లూ సంతోషిస్తారు.

ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది. ఎదురుగా ఉన్న కొండ స్పష్టంగా కనిపించేదాకా ఆట మొదలుపెట్టొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే. సాయంత్రం కొండ వెనక్కి పొద్దు తొందరగా వాలిపోతుంది, మూడున్నరకల్లా ముగిసేలా ఓవర్లు అనుకోండి. టాస్ గెలిస్తే ఫీల్డింగ్ తీసుకో. తెలియని గ్రౌండ్‌లో ఎంత కొడితే సరిపోతుందో తెలీదు, వాళ్లు ఆడుతుంటే అర్థమవుతుంది. గ్రౌండ్ మొత్తం గెడ్డ, అంటే వాగు, వైపుకి వాలుగా ఉంటుంది. ఆ వైపు బంతి ఆగదు, నీ దగ్గర బాగా పరుగెత్తేవాణ్ని అక్కడ పెట్టు. వాడు ఎత్తు వైపుకి విసిరితే కీపర్ దాకా రాదు. మధ్యలో ఒకణ్ని అందుకోవడానికి పంపు.

టాస్‌కి ముందు ఇద్దరు కెప్టెన్లూ కలిసి గ్రౌండ్ చుట్టూ ఒకసారి నడవండి. గెడ్డలో పడితే నాలుగా, ఆరా? బంతి దొరక్కపోతే ఎన్ని పరుగులు? వికెట్లకి అడ్డంగా కాలికి తగిలితే ఔటిచ్చే ఎల్బీ ఉందా? లోపల ఒక పనస చెట్టు ఉంది, దానికి తగిలితే ఏమిటి? ఇవన్నీ ముందే మాట్లాడుకుంటే గొడవ రాదు. గ్రౌండ్‌లో చెట్టు ఉండటం నామోషీ అనుకోకు. ఇంగ్లండ్‌లో కెంట్ జట్టు ఆడే కాంటర్‌బరీ గ్రౌండ్‌లో కూడా బౌండరీ లోపల ఒక పెద్ద లైమ్ చెట్టు ఉండేది. 2005లో గాలికి పడిపోయేదాకా, దానికి బంతి తగిలితే నాలుగు పరుగులే ఇచ్చేవాళ్లు. మీరూ పనస చెట్టుకి అలాంటి లెక్కే పెట్టుకోండి.

బుజ్జీ, ఇప్పుడు చెప్పేది మిగతా వాటికంటే ముఖ్యం. వలిసె చేలోకి బంతి వెళితే టీమ్ అంతా దిగొద్దు. మాకు ఆ తప్పు జరిగింది. ఆఖరి ఓవర్లలో బంతి చేలో పడింది. ఎనిమిది మందిమి వరసగా దిగి పది నిమిషాలు వెతికాం. బంతి దొరికింది. వెనక్కి చూస్తే ఆ మేర మొక్కలన్నీ నేలకరుచుకుని ఉన్నాయి. గట్టు మీద ఒక పెద్దావిడ నిలబడి చూస్తోంది. ఒక్క మాట అనలేదు. మేం మ్యాచ్ గెలిచిన హుషారులో వ్యాన్ ఎక్కేశాం, ఆమెకి క్షమించమని చెప్పలేదు, డబ్బూ ఇవ్వలేదు. మనకి అది అందమైన పూల తోట. వాళ్లకి నూనె గింజల పంట, ఆ చలికాలంలో చేతికొచ్చే నాలుగు రూపాయలు. ఆ తర్వాతి ఏడాది వాళ్లు మమ్మల్ని పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే.

అందుకే బంతి చేలో పడితే పరుగులు ఇచ్చేసి కొత్త బంతి తీయండి. తప్పదనుకుంటే ఆ ఊరి కుర్రాడు ఒకడు, అడ్డంగా కాకుండా సాలు వెంట వెళ్లి తెస్తాడు. ఫొటోలు దిగాలంటే గట్టు మీద దిగండి. మ్యాచ్ సాగుతుంటే కొండల వైపు చూస్తూ నిలబడే ఫీల్డర్ ఉంటాడు, వాడికి ముందే చెప్పు, పొద్దున్నా సాయంత్రమూ కావలసినంత చూసుకోవచ్చని.

భోజనానికి సరుకుల డబ్బు ముందే ఇచ్చెయ్యి. టూరిస్టుల్లాగా బొంగు చికెన్ ఉందా అని అడగొద్దు, వాళ్లు ఏం పెడితే అది తినండి. చోడి (రాగి) అంబలి ఇస్తే వద్దనకుండా తాగండి, ఎండలో అంతకంటే మంచిది లేదు. వాళ్లలో వాళ్లు వేరే భాషలో మాట్లాడుకుంటే మిమ్మల్ని అంటున్నారనుకోవద్దు, అది వాళ్ల ఇంటి భాష. మందు సీసాలు వ్యాన్‌లో ఉండకూడదు, ఇది నీ కెప్టెన్సీకి నేను పెట్టే షరతు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్యాకెట్లు ఒక్కటి కూడా వదలకుండా సంచిలో వేసి కిందకి తీసుకురండి. వాళ్ల బ్యాట్లు పాతవై ఉంటాయి. మీ కిట్‌లోంచి ఒక మంచి బ్యాట్, మిగిలిన ఎర్ర బంతులు అక్కడి పిల్లలకి ఇచ్చి రండి.

పనస చెట్టుకి ఎడమవైపు, గెడ్డ గట్టు దగ్గరున్న చేను ఇప్పుడు ఎవరు చేస్తున్నారో కనుక్కో. ఆ పెద్దావిడ ఉంటే సరే, లేకపోతే వాళ్ల పిల్లలు ఉంటారు. మా టీమ్ తరఫున నువ్వు వెళ్లి, అప్పట్లో చేను తొక్కింది మావాళ్లేనని చెప్పు. ఈ లేఖతో పాటు ఒక కవరు పంపుతున్నాను, వాళ్ల చేతికి ఇవ్వు. తీసుకోనంటే బలవంతం చేయకు. వాళ్లు ఏమన్నారో ఆదివారం రాత్రే ఫోన్ చేసి చెప్పు, మెలకువగానే ఉంటాను.

ప్రేమతో,
మీ మావయ్య