పొగను చూసి నిప్పు తెలుసుకున్నట్టు

సందేహం: మాస్టారూ, నమస్కారం. నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ఈమధ్య ఒక ఆరోగ్య సర్వే ప్రశ్నావళి నా చేతికి వచ్చింది. అందులో 'సెక్స్' అని ఒక గడి, దాని కిందనే 'జెండర్' అని ఇంకో గడి ఉన్నాయి. నిఘంటువు తీస్తే రెంటికీ 'లింగం' అనే ఉంది. రెండుచోట్లా అదే రాస్తే చదివేవాళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు. మొదటిది 'జీవలింగం', రెండోది 'సామాజిక లింగం' అనమని ఒకరు, రెండోదాన్ని 'లింగ గుర్తింపు' అనమని ఇంకొకరు చెప్పారు. అసలు మనుషుల్ని పట్టుకుని లింగం అని అడగడమే నాకు ఎబ్బెట్టుగా ఉంది. ఏది సరైనదో చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. కిందటేడు మన ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో చీటీ రాయించుకోడానికి వరసలో నిలబడ్డాను. నా ముందు చోడవరం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఆయన భార్య. చూపించుకోవలసింది ఆవిడ. ఫారం ఎవరిచేతో రాయించుకొచ్చాడు గాని ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. కౌంటర్లో అబ్బాయి కాగితం వెనక్కి తోసి, "లింగం రాయలేదు" అన్నాడు. ఆయన ఆ మాట మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. "ఆడో మగో రాయమంటున్నారండీ" అని నేను చెప్పాను. "ఆ మాటే అడగొచ్చు కదేటి బాబూ, మనిషి ఎదురుగానే ఉంది కదా!" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. లింగం అన్న మాటకి అసలు అర్థం అందులోనే ఉంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి తెలుసుకోడానికి పనికొచ్చే ఆనవాలే లింగం. 'లీనం అర్థం గమయతి' అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. లోపల దాగి ఉన్న సంగతిని బయటికి తెలియజేసేది అని. శివలింగమూ ఆ అర్థంలోదే. రూపం లేనివాడికి గుర్తు. శరీరంలో ఒక అవయవానికి ఆ పేరు రావడం కూడా అది ఆనవాలు కాబట్టే. ఇప్పుడు జనానికి ఆ ఒక్క అర్థమే తలకెక్కి, మిగతావన్నీ జారిపోయాయి. తప్పు మాటది కాదు, దాన్ని అంత ఇరుకు చేసిన మనది.

ఈ మాటని అందరికంటే శుభ్రంగా వాడినవాళ్ళు తార్కికులు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో 'లింగపరామర్శోఽనుమానమ్' అన్నాడు. అంటే గుర్తును పట్టి ఆలోచించడమే అనుమానం అని. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించనిదాన్ని ఊహించి తెలుసుకోవడం. పొగ కనిపించింది, నిప్పు కనిపించలేదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లో చూసి ఎరుగుదుము. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఇక్కడ పొగ లింగం. ఈ పాఠం నాకు పుస్తకంలో కంటే అరకు రైల్లో బాగా బోధపడింది. ఎండలు ముదిరిన రోజుల్లో శృంగవరపుకోట దాటి రైలు పైకి ఎక్కుతుంటే, దూరపు కొండల మీద అక్కడొక పాయ, ఇక్కడొక పాయ పొగ లేస్తూ ఉంటుంది. మంట కనిపించదు, మనిషి కనిపించడు. పోడు కాలుస్తున్నారని పెట్టెలో చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. ఆ తెలివిడికి ఆధారమైన పొగను లింగం అన్నారు మన పెద్దలు. అందులో సిగ్గుపడే సంగతి ఏముంది?

వ్యాకరణంలోకి వచ్చింది కూడా ఈ గుర్తు అనే అర్థమే. అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం, అంటే పేర్లనూ వాటి లింగాలనూ చెప్పేది. అయితే గుర్తు శరీరానిదా, మాటదా అన్న పేచీ చాలా పాతది. క్రీ.పూ. 2వ శతాబ్దపు పతంజలి మహాభాష్యంలో 'స్తనకేశవతీ స్త్రీ', అంటే రొమ్ములూ జుట్టూ ఉన్నది స్త్రీ, అని లోకం అనుకునే గుర్తులు చెప్పి, వెంటనే, మరి ఖట్వా అనే మాట స్త్రీలింగం కదా, మంచానికి ఈ గుర్తులెక్కడున్నాయి అని తానే అడుగుతాడు. భార్య స్త్రీలింగం, కళత్రం నపుంసకం, దారశబ్దం పుంలింగం, అదీ నిత్యబహువచనం. ఇంట్లో మనిషి ఒక్కరే. చివరికి ఆయన 'లింగమశిష్యం లోకాశ్రయత్వాత్' అన్న మాట దగ్గర ఆగాడు. అంటే లింగం నేర్పేది కాదు, లోకంలో ఎలా అంటే అలా అని. శరీరం వేరు, మాట వేరు, లోకం పెట్టుకున్న ఏర్పాటు వేరు అన్న ఎరుక ఆనాడే ఉంది. మీ ప్రశ్నావళిలో రెండు గడులు వేసినవాళ్ళు కనిపెట్టింది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు.

ఇక ఇతర భాషల సంగతి. జెండర్‌కి మూలం లాటిన్‌లో గెనుస్. రకం, జాతి అని అర్థం. మన జన, జాతి శబ్దాలకు అది చుట్టమే. ఇంగ్లీషులో అది చాలా కాలం ఎక్కువగా వ్యాకరణం మాటగానే ఉండేది. 1955లో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల నడవడికి దాన్ని వాడాడు. 1972లో ఆన్ ఓక్లీ అనే సమాజ శాస్త్రవేత్త పుస్తకంతో శరీరానికి సెక్స్, సమాజం అప్పజెప్పినదానికి జెండర్ అన్న విభజన బాగా పాకింది. జర్మన్‌లో రెంటికీ ఒకటే మాట, గెష్లెష్ట్. వాళ్ళకీ మీ ఇబ్బందే వచ్చి, జెండర్‌ని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు.

తమిళులు మాత్రం లింగం జోలికే పోలేదు. వాళ్ళ ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియంలో వ్యాకరణ లింగానికి 'పాల్' అని పేరు. ఆణ్‌పాల్, పెణ్‌పాల్ మొదలుకొని ఐదు పాళ్ళు చెప్పారు. పాల్ అంటే భాగం. మన పాలు అదే. తాపీమేస్త్రీ ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళు ఇసుక అంటాడు, చూడండి, ఆ పాలు. అన్నదమ్ములు పంచుకునేదీ, పాలికాపులో ఉన్నదీ, అగ్గిపాలు నేలపాలు అన్నప్పుడు వినిపించేదీ అదే. లాటిన్ సెక్సుస్ కూడా కోయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని చాలామంది అంటారు. అంటే ఒకదాన్ని రెండుగా కోసి ఇది నీ పాలు, ఇది నా పాలు అన్న ఊహ అక్కడా ఇక్కడా ఒకటే. ఇప్పటి తమిళంలో జెండర్‌కి పాలినం అంటున్నారు. మన భాషలో ఇంత చక్కని మాట పెట్టుకుని ఈ అర్థంలో ఒక్కసారీ వాడలేదు కదా అని నాకు బాధే. అయినా ఫారంలో 'పాలు' అని రాస్తే గేదెల లెక్క అడుగుతున్నారనుకుంటారు కాబట్టి పట్టుపట్టను.

మగ అనే మాట కూడా ఇలాగే ఊళ్ళు తిరిగింది. కన్నడంలో మగ కొడుకు, మగళు కూతురు. మన దగ్గర మగ అంటే పురుషజాతి, మగడు భర్త. అదే మూలం నుంచి మగువ అంటే స్త్రీ! కాబట్టి ఒక భాషలో ఆడామగా మాటను ఇంకో భాషలోకి నాణెం మార్చినట్టు మార్చలేం.

గుర్తుల సంగతి వచ్చాక నేను తిక్కన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. విరాటపర్వం, ఉత్తర గోగ్రహణం. రథం దిగి పారిపోతున్న ఉత్తరుడి వెంట బృహన్నల పరుగెడుతోంది. జడ ఊగుతోంది, ఎర్రబట్టలు రెపరెపలాడుతున్నాయి. చూసి కొందరు సైనికులు నవ్వారు. వ్యాసభారతంలో కౌరవులు అప్పుడు అనుకునే మాటలు చూడండి. బూడిదలో నిప్పులా వేషంలో దాగిన వీడెవడు? కొంత పురుషుడి పోలిక ఉంది, కొంత స్త్రీ పోలిక ఉంది. ఆ తల అదే, ఆ మెడ అదే, పరిఘల్లాంటి ఆ చేతులు అవే. ధనంజయుడు తప్ప మరొకడు కాడు! ఇది అచ్చమైన లింగపరామర్శ. జడ ఒకటి చెబుతోంది, భుజాలు ఇంకోటి చెబుతున్నాయి. దాగింది నిప్పు అని వ్యాసుడు అననే అన్నాడు.

తిక్కన ఈ ఘట్టంలో రాసిన 'సింగం బాకటితో' పద్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అందులో నా చూపు ఎప్పుడూ 'వీఁడె వచ్చెం గుంతీసుతమధ్యముండు' అన్నచోట ఆగిపోతుంది. పోలిక సింగంతో. సింగం అమహత్తు, అంటే తెలుగు వ్యాకరణంలో 'వాడు' అనకుండా 'అది' అనే తెగ. దాని గుహ, దాని ఆకలి, ఏనుగుల గుంపును చూసిన దాని కోపం అన్నీ చెప్పుకుంటూ వచ్చి, మనిషి దగ్గరికి రాగానే 'వీఁడె' అన్నాడు. దగ్గరగా ఉన్నాడు, మగవాడు, వీడే తప్ప మరొకడు కాడు అన్న మూడు సంగతులు రెండక్షరాల్లో ఇమిడాయి. అంతవరకు పేడి, అంటే ఆడా మగా కాని మనిషి, అనుకున్న రూపం ఆ రెండక్షరాలతో ఊడిపోయింది. ఇది బెంగాలీలోకి మార్చాలంటే సర్వనామంలో ఆడామగా తేడా లేదు, ఆ గుర్తు రాలిపోతుంది. హిందీలో 'యహ్' కూడా అంతే గాని, 'ఆయా' అనే క్రియ పట్టిస్తుంది. తిరగేసి చూస్తే, హిందీలో ఒక అమ్మాయి 'మై ఆయీ' అనగానే ఆడపిల్ల అని తెలుస్తుంది. తెలుగులో 'నేను వచ్చాను' అన్నది ఎవరైనా అనొచ్చు. హిందీ కథలు అనువదించేటప్పుడు ఇది మరిచిపోకండి.

ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. ఆ వేషం లోపల ఎవరున్నారో తెలుసుకోడానికి కౌరవులకు తలా, మెడా, చేతులూ కావలసి వచ్చాయి. అర్జునుడికి తాను అర్జునుడని తెలియడానికి ఏ లింగమూ అక్కర్లేదు. నాకు ఆకలేస్తోందని తెలుసుకోడానికి నేను పొగ వెతుక్కోను కదా. లింగం ఎప్పుడూ అవతలివాడికి పనికొచ్చేది. పురుడు పోసినావిడ బిడ్డను చూసి 'ఆడపిల్ల' అంటుందే, అది లింగాన్ని బట్టి చెప్పడం. కాబట్టి సెక్స్‌కి లింగం అనడం అతికినట్టు సరిపోతుంది. జీవలింగం అని తోక తగిలించక్కర్లేదు. రెండో గడి అడిగేది, ఆ మనిషి తన్ను తాను ఏమని ఎరుగునో అది. దానికి 'లింగ గుర్తింపు' అంటే గుర్తు గుర్తింపు అన్నట్టే ఉంది, పైగా అర్థం తలకిందులైంది. ఇది నాకు బొత్తిగా నచ్చదు. 'సామాజిక లింగం' కొంత నయం, సమాజం పెట్టిన గుర్తులు అని చెప్పుకోవచ్చు. వ్యాసాల్లో వాడితే అభ్యంతరం లేదు. గడిలో మాత్రం అది మనిషి మాట కాదు, ఊరి మాట అవుతుంది.

ఫారాల్లో ఎదురుగా పురుషలింగం, స్త్రీలింగం అని అచ్చేస్తున్నారు. ఇది మానుకోవాలి. అవి శబ్దాలకు ఉండేవి, మనుషులకు కావు. పైగా పురుషలింగం కాదు, పుంలింగం. మనుషులకు ఆడ, మగ అన్న మాటలున్నాయి. పసిపిల్లాడికి తెలిసిన మాటలు రాయడానికి మనకెందుకంత జంకు?

మూడో మాట గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. 'నపుంసక' అనేది లేనిదాన్ని బట్టి పెట్టిన పేరు, స్త్రీ కాదు పురుషుడు కాదు అని. తిక్కన నాటి పేడి కన్నడంలో హేడి అయి పిరికివాడికి తిట్టుగా మిగిలింది. ఈ రెండూ మనుషుల మీద వాడకండి. అమరసింహుడు నపుంసక శబ్దం పక్కనే 'తృతీయాప్రకృతి' అని కూడా చెప్పాడు. అందులో ప్రకృతి అన్న మాట ఉంది, లోపం లేదు. తమిళులు తిరునంగై అని గౌరవంగా పిలుచుకున్నారు. మన పత్రికల్లో ట్రాన్స్‌జెండర్ స్థిరపడింది, ఉండనివ్వండి. తమ జెండర్ ఏదో తామే చెప్పుకునే హక్కు వాళ్ళకుందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

కాబట్టి మీ మొదటి గడిలో 'లింగం' అని రాసి, పక్కనే 'పుట్టినప్పుడు ఆడ/మగ' అని విడమరచండి. మధ్యలింగ లక్షణాలతో, అంటే ఆడో మగో శరీరాన్ని బట్టి తేల్చలేనట్టు, పుట్టేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి చోటు ఉండేలా సర్వేవాళ్ళను అడగండి. రెండో గడికి ప్రస్తుతానికి 'జెండర్' అనే తెలుగు లిపిలో రాయమంటాను. ఇంతకంటే మంచి మాట ఎవరి నోటనైనా పుడితే అప్పుడు మార్చుకుందాం. కింద మాత్రం 'మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు?' అని అడిగి, టిక్కు పెట్టే పెట్టెలు తీసేసి ఒక గీత వదిలేయండి. గీత కాస్త పొడుగ్గానే ఉంచండి.